తేయాకు, చాయ్, టీ: ఒకే ఆకు, మూడు పేర్లు
(చరిత్ర వ్యాసం, 10వ తరగతి)

మన తెలుగులో ఒకే వస్తువుకి మూడు పేర్లున్నాయి. పాఠ్యపుస్తకంలో చూస్తే 'తేయాకు', ఇంట్లో 'చాయ్', హోటల్ బోర్డు మీద 'టీ'. గడప దాటి చంద్రపూర్ బజారులోకి వెళితే నాలుగో పేరు కూడా వినిపిస్తుంది, మరాఠీ వాళ్ల 'చహా'. ఇన్ని పేర్లు ఎందుకొచ్చాయో తెలుసుకుంటే సగం చరిత్ర తెలిసిపోయినట్టే.

చైనాలో ఈ ఆకుకి రాసే అక్షరం ఒక్కటే. కానీ పలకడం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఎక్కువ ప్రాంతాల్లో 'చా' అంటారు. ఆ మాట ఒంటెల మీద, గుర్రాల మీద నేల దారిన పర్షియా దాకా పోయి 'చాయ్' అయింది, అక్కడి నుంచి హిందుస్తానీలోకి, అందులోంచి మన నోటికి వచ్చింది. దక్షిణాన ఫుజియన్ రాష్ట్రపు తీరంలో, ఆమోయ్ రేవు (ఇప్పటి షియామెన్) చుట్టుపక్కల మాత్రం 'తే' అంటారు. డచ్చి వర్తకులు ఆ మాటను ఓడల్లో యూరప్‌కి మోసుకుపోయారు. ఇంగ్లీషు 'టీ' అదే. మన 'తేయాకు'లో ముందున్న 'తే' కూడా అదే. అంటే 'చాయ్' నడిచి వచ్చింది, 'తేయాకు' ఓడెక్కి వచ్చింది. రెండూ మన ఇంట్లోనే కలుసుకున్నాయి.

ఈ 'తే' అనే మాట పుట్టిన ఫుజియన్‌లోనే ఊలాంగ్ అనే టీ కూడా పుట్టింది. ఊలాంగ్ అంటే చైనా భాషలో 'నల్ల డ్రాగన్'. ఎండిన ఆకు నల్లగా, మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. దీని గురించి జింకను వేటాడిన మనిషి కథ ఒకటి ఉంది గానీ అది కథే, చరిత్ర కాదు.

గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ వేరువేరు చెట్లవని మా క్లాసులో చాలామంది అనుకునేవాళ్లు. నిజానికి మూడూ ఒకే జాతి మొక్క ఆకులు. తేడా అంతా కోసిన తర్వాత చేసే పనిలో ఉంది. ఆపిల్ ముక్క కోసి పెడితే కాసేపటికి గోధుమ రంగుకి తిరుగుతుంది కదా, గాలి తగిలితే ఆకుకీ అలాగే అవుతుంది. కోయగానే వేడి తగిలించి ఆ మార్పును ఆపేస్తే గ్రీన్ టీ. పూర్తిగా మారనిస్తే బ్లాక్ టీ (చైనా వాళ్లు దీన్ని 'ఎర్ర టీ' అంటారు, కప్పులో రంగు చూసి పెట్టిన పేరు). మధ్యలో ఆపితే ఊలాంగ్. వినడానికి తేలికే, చేయడమే కష్టం. ఆకును ఎండలో కొంచెం వాడబెట్టి, వెదురు చేటల్లో ఎగరేసి, కుదిపి, అంచులు మాత్రమే నలిగేట్టు చేస్తారు. అంచు ఎర్రబడుతుంది, నడిమి పచ్చగానే ఉంటుంది. ఎప్పుడు ఆపాలో వాసన చూసి చెప్పాలి. తర్వాత పెనంలో వేయించి, నలిపి, ఆరబెడతారు. ఫుజియన్‌లో ఊయీ కొండలు, ఆన్షీ అనే చోటు దీనికి పేరుపడ్డవి. ఆన్షీలో చేసే దాన్ని తియెగ్వాన్యిన్ అంటారు. ఆకును చిన్న ఉండల్లా చుడతారు.

ఊయీ కొండల పేరు మనం వేరే రూపంలో చదివే ఉన్నాం. 1773 డిసెంబర్ 16న బోస్టన్ రేవులో అమెరికా వలసవాసులు సముద్రంలో పారేసిన 342 పెట్టెల టీలో ఎక్కువ భాగం 'బోహీ' అనే రకం. 'ఊయీ' అన్న మాట ఇంగ్లీషు వాళ్ల నోట్లో పడి 'బోహీ' అయింది. పన్ను గొడవ ఇంగ్లండ్‌కీ అమెరికాకీ మధ్య, నీళ్లపాలైన ఆకు మాత్రం ఫుజియన్ రైతుది. తర్వాత తైవాన్ దీవిలోనూ ఊలాంగ్ పండించారు. జాన్ డాడ్ అనే బ్రిటిష్ వర్తకుడు 1869లో 'ఫార్మోసా ఊలాంగ్' పేరుతో దాన్ని నేరుగా న్యూయార్క్‌కి పంపాడు.

ఇక మన దేశానికి ఇది ఎలా వచ్చిందో చూద్దాం. చైనా టీ కొనడానికి ఈస్టిండియా కంపెనీ వెండి పోయాల్సి వచ్చేది. వెండి పోతోందని మన దేశంలో నల్లమందు పండించి చైనాకి అమ్మించారు. అదే 1839లో నల్లమందు యుద్ధానికి దారితీసింది. ఇంకోపక్క, చైనా మీద ఆధారపడకుండా సొంతంగా పండించుకోవాలని చూశారు. 1823లో రాబర్ట్ బ్రూస్‌కి అస్సాంలో సింగ్‌ఫో తెగవాళ్లు వాడే టీ మొక్క సంగతి తెలిసింది. చెప్పింది ఆ తెగ పెద్ద బీసా గామ్, పరిచయం చేసింది మణిరామ్ దివాన్. 'కనిపెట్టాడు' అని పుస్తకాల్లో రాస్తారు గానీ, అప్పటికే తాగుతున్నవాళ్లు ఉంటే కనిపెట్టడం ఏమిటో నాకు అర్థం కాదు. 1839 జనవరిలో అస్సాం టీ లండన్‌లో మొదటిసారి వేలానికి వచ్చింది. అదే ఏడు అస్సాం కంపెనీ పెట్టారు. ఆ కంపెనీలో పనిచేసి, తర్వాత సొంతంగా తోటలు వేసిన మణిరామ్ దివాన్‌ని 1857 తిరుగుబాటు తర్వాత, 1858 ఫిబ్రవరిలో ఉరితీశారు.

తోటలకు భూమి దొరికింది, పనివాళ్లు దొరకలేదు. ఛోటానాగ్‌పూర్ నుంచీ, మధ్య రాష్ట్రాల నుంచీ, గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచీ మనుషుల్ని తీసుకుపోయారు. తీసుకుపోయే దళారీలను 'అర్కాటీలు' అనేవాళ్లు. కరువు రోజుల్లో అడ్వాన్సు డబ్బు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అయిపోయింది. 1882 చట్టం ప్రకారం తోట వదిలి పారిపోయిన కూలీని తోట యజమాని వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. పోలీసు చేయాల్సిన పని దొర చేతికి ఇచ్చారన్నమాట. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఎన్నో భాషలవాళ్లు ఒకే లైన్లలో ఉండడంతో తోటల్లో అందరికీ ఉమ్మడిగా 'సాద్రీ' అనే భాష వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు అస్సాంలో నేటికీ ఉన్నాయి.

ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబాయి పనికి బల్లార్షా వచ్చాడు. ఆయన్ని ఎవరూ కాగితం రాయించుకుని తేలేదు, ఇష్టం లేకపోతే సాయంత్రం బండెక్కి తిరిగి పోవచ్చు. కాజీపేట, బల్లార్షా మధ్య రైలు దారి 1929 నాటికే పడింది కాబట్టి ఊరు దూరమైనా దారి తెగలేదు. పెళ్లికి, పండక్కి పోయొచ్చేవాళ్లు. అందుకే మా ఇంట్లో తెలుగు నిలబడింది, నేను ఈ వ్యాసం తెలుగులో రాస్తున్నాను. అస్సాం పోయినవాళ్లకి ఆ సాయంత్రం బండి లేదు. ఇద్దరూ పొట్టకూటికి ఊరు విడిచినవాళ్లే.

అస్సాంలో పండిన టీని మొదట్లో మన దేశంలో సామాన్యులు పెద్దగా తాగేవాళ్లు కాదు. మంచి ఆకంతా లండన్ పోయేది. 1903లో టీ సెస్ చట్టం వచ్చింది. ఎగుమతి మీద వసూలు చేసిన ఆ సొమ్ముతో ప్రచారం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఫ్యాక్టరీల్లో, బట్టల మిల్లుల్లో, బొగ్గు గనుల్లో టీ దుకాణాలు పెట్టించారు. అలసిన మనిషికి వేడివేడి టీ ఇస్తే మళ్లీ పనిచేస్తాడని యజమానులకు నచ్చజెప్పారు. రైల్వే జంక్షన్లలో చిన్న వ్యాపారులకు కెటిళ్లు, కప్పులు, టీ ప్యాకెట్లు ఇచ్చి దింపారు. టీ ఎలా కాచాలో బొమ్మలతో, దేశభాషల్లో ఎనామెల్ పలకలు స్టేషన్లలో తగిలించారు. మనకు పుట్టుకతో వచ్చిందనుకునే 'చాయ్ టైం' వెనక ఇంత ప్రయత్నం ఉంది.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. కంపెనీ వాళ్లు చెప్పిన పద్ధతి వేరు: ఆకు మీద వేడినీళ్లు పోయాలి, కొంచెం పాలు కలపాలి, అంతే. మన స్టేషన్ చాయ్‌వాలాలు ఆకు తక్కువ వేసి, పాలు, చక్కెర ఎక్కువ పోసి, అల్లం, యాలకులు దంచి వేసి మరగబెట్టారు. ఆకు అమ్ముడుపోవడం లేదని కంపెనీలు విసుక్కున్నాయి. అప్పుడు వద్దన్న ఆ మసాలా చాయ్‌నే ఇప్పుడు రంగురంగుల డబ్బాల్లో పోసి పెద్ద దుకాణాల్లో అమ్ముతున్నారు! 1930లలో అస్సాంలో సి.టి.సి. యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చింపి, ఉండకట్టే యంత్రం అది. ఆ గింజల పొడి తొందరగా దిగుతుంది, పాలు పోసినా రంగు, వగరు పోవు. మన వంటింటి డబ్బాలో ఉండేది అదే.

అందరూ టీకి లొంగిపోలేదు. మన పక్క జిల్లా వార్ధాలో, సేవాగ్రామ్‌లో 1936 నుంచి ఉన్న గాంధీజీకి టీ అంటే గిట్టదు. 1942లో పుణె ఆగాఖాన్ భవనంలో ఖైదులో ఉన్నప్పుడు ఆరోగ్యం గురించి రాసిన పుస్తకంలో టీలోని టానిన్‌ను తోళ్లు ఊనడానికి వాడతారని హెచ్చరించారు. అందులోనే చైనా కథ ఒకటి చెప్పారు. నీళ్లు బాగా మరిగాయో లేదో తెలుసుకోవడానికి ఒక చైనా తెలివిపరుడు జల్లెడలో ఆకు వేసి పైనుంచి నీళ్లు పోసేవాడట, మరిగిన నీళ్లయితే బంగారు గడ్డి రంగు వస్తుందట. అలా గడ్డి రంగులో ఉంటే హాని లేదని ఆయన ఒప్పుకున్నారు. లేత ఊలాంగ్ రంగు సరిగ్గా అదే. ఆయనకు ఒక కప్పు ఇచ్చి ఉంటే ఏమనేవారో!

ఇదంతా మాటల్లో చెబితే సరిపోదని మా చరిత్ర సార్ ఒక శనివారం నాలుగు రకాల ఆకు టీలు తెచ్చారు. సైన్స్ ల్యాబు పొయ్యి మీద నీళ్లు కాచి, స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. పాలు, చక్కెర లేవు. ఊలాంగ్ ఆకు మిరియాల కంటే కొంచెం పెద్ద ఉండల్లా ఉంది. వేడినీళ్లు పడగానే నిద్రలేచినట్టు ఒక్కొక్కటీ విప్పుకుని, తొడిమతో సహా పూర్తి ఆకయింది. కొన్నింటి అంచున ఎర్రటి గీత కూడా కనిపించింది. మొదటిసారి తాగితే వేడినీళ్లలా ఉంది. "ఇది చాయ్ కాదు సార్, కషాయం" అన్నాడు మా క్లాసువాడు. సార్ అదే ఆకు మీద మళ్లీ నీళ్లు పోశారు. రెండోసారి పూల వాసన, కాల్చిన మక్కకంకి వాసన కలిసి వచ్చాయి. మింగాక కూడా గొంతులో తియ్యగా ఉంది. మూడోసారి కూడా బాగుంది. మన పొడి టీ రెండోసారి కాస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

డార్జిలింగ్ బ్లాక్ టీ పలచగా, కొంచెం వగరుగా ఉంది. నాలుగోది మల్లెపూల టీ. విచ్చుకునే మల్లెమొగ్గలను రాత్రంతా ఆకుతో కలిపి ఉంచి, పూలు తీసేసి, మళ్లీ కొత్త పూలు వేస్తారట. టీ ఆకు ఏ వాసననైనా పీల్చుకుంటుంది. (అందుకే ఇంగువ పక్కన చాయ్‌పత్తి డబ్బా పెట్టవద్దు, అమ్మలూ!) మూడోది ఎర్ల్ గ్రే. బ్లాక్ టీకి బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనె పట్టిస్తారు. ఆ పండు ఎక్కువగా ఇటలీలోని కలాబ్రియాలో పండుతుంది. ఎర్ల్ గ్రే 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధాని. చైనా మాండరిన్ ఒకాయన ఈ టీని ఆయనకు కానుకగా ఇచ్చాడన్న కథకు ఆధారం లేదు. కానీ ఆయన హయాంలోనే, 1833 చట్టంతో, చైనా టీ వ్యాపారంపై కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. డబ్బా మీద ఆయన పేరు ఉండడానికి ఈ కారణం చాలదా అనిపిస్తుంది.

ఎర్ల్ గ్రే వాసన చూడగానే మా అందరికీ నాగపూర్ సంత్రా గుర్తొచ్చింది. అందుకని సంత్రా తొక్కలను నీడలో ఎండబెట్టి, లోపలి తెల్లటి పొర గీకేసి, చిన్న ముక్కలు చేసి మామూలు ఆకు టీలో కలిపి డబ్బాలో మూతపెట్టాం. వారం తర్వాత తీసి కాస్తే వాసన దిగింది. ఇంట్లో చేసేవాళ్లు గ్లాసుకి ఒక చెంచా ఆకు, రెండు మూడు ముక్కల తొక్క వేసి, పొయ్యి దింపాక నీళ్లు పోసి మూడు నిమిషాలు మూత పెట్టండి. ఎక్కువసేపు ఉంచితే చేదు వస్తుంది. పాలు పోయకండి.

ఇప్పుడు మన దేశంలో ఏటా సుమారు 130 కోట్ల కిలోల టీ పండుతోంది. అందులో సుమారు 80 శాతం మనమే తాగుతున్నాం. చంద్రపూర్‌లో మే నెల 47 డిగ్రీల ఎండలో కూడా టపరీ దగ్గర గుంపు తగ్గదు. మా తాతకు ఊలాంగ్ ఇస్తే ఒక గుక్క తాగి, "ఆకు మంచిగుంది, పాలేవి?" అన్నాడు. అస్సాం తోటల్లో తెలుగువాళ్లున్నారని చెబితే మాత్రం గ్లాసు కింద పెట్టి, "ఏ ఊరోళ్లట?" అని అడిగాడు.