జారునేల, పట్టుచక్రము

చక్రము మొదట బరువు మోయుటకు పుట్టినది. లాగుడుపని దానికి తరువాత వచ్చినది. ఎడ్లబండిలో చక్రము వెంట దొర్లునదే గాని లాగునది కాదు. నేలను తన్ని ముందుకు సాగుపని ఎద్దుగిట్టలది. మోటారు వచ్చిన పిమ్మట ఆ పని చక్రమునకు సంక్రమించినది. నేల గట్టిగా ఉన్నంతవరకు ఈ మార్పువలన చిక్కు లేదు. నేల జారునదైనచో, యంత్రమునకు ఎంత బలమున్నను చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగును. అట్టి నేలపై చక్రమునకు పట్టు కల్పించుటకు మానవుడు చేసిన యత్నముల చరిత్ర రెండు చోట్ల చక్కగా కనబడును. ఒకటి ఉత్తరదేశముల మంచుదారి. రెండవది మన కృష్ణా డెల్టా మాగాణి.

ముందు మంచుదారి సంగతి చూతము. గాలినింపిన రబ్బరు టైరును డన్‌లప్ 1888లో ప్రచారమునకు తెచ్చెను. అది మెత్తగా దొర్లునే గాని మంచుపై నిలువదు. 1904లో అమెరికాలో హ్యారీ వీడ్ అను నతడు టైరుకు చుట్టు గొలుసులకు పేటెంటు పొందెను. గొలుసు మంచును కరచును. కాని మంచులేని దారి రాగానే దానిని విప్పవలెను. 1934లో ఫిన్లాండులోని ఒక రబ్బరు కర్మాగారము లారీలకై, 1936లో కార్లకై, శీతకాలపు టైర్లను తయారుచేసినది. కార్ల టైరునకు హక్కపెలిట్టా అని పేరు.

ఈ టైరులోని రహస్యము రెండు విధములు. మొదటిది రబ్బరు. సామాన్యపు టైరు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువ గట్టిపడి నేలను విడిచివేయును. శీతకాలపు టైరు రబ్బరు ఆ చలిలోను మెత్తగా ఉండును. విజయవాడలో పుష్యమాసపు రాత్రి కూడ చలి అంతవరకు దిగదు గనుక ఈ భేదము మనకు అనుభవములోనికి రాదు. రెండవది గాట్లు. లోతైన గాళ్లలో మంచు చిక్కుకొనును. సన్నని కోతల అంచులు మంచును గీరి పట్టుకొనును.

ఈ విషయమునకు గట్టి పరీక్ష వెనుకచక్రములతో నడచు స్పోర్ట్సుకారు. అట్టి కార్లలో పెక్కింటికి యంత్రము ముందుండును. తన్నవలసిన వెనుకచక్రములపై బరువు చాలదు. టైర్లు వెడల్పైనవి, వెడల్పు టైరు మెత్తని మంచులో దిగక పైపైన తేలును. అందువలన మంచుదేశములలో కొందరు శీతకాలమునకు సన్నని టైర్లు వేసికొందురు. కొందరు వెనుకపెట్టెలో ఇసుకబస్తాలుంచుదురు. అయినను వెనుకచక్రముల కారు మంచున పనికిరాదనుట పొరపాటు. ఆల్ప్సు కొండదారుల మాంటీకార్లో ర్యాలీలో 1964, 1965, 1967 సంవత్సరములలో ముందుచక్రములతో నడచు మినీ కూపర్ గెలిచినది. ఆపై 1968 నుండి 1970 వరకు వరుసగా మూడుమార్లు గెలిచిన పోర్షె 911 వెనుకచక్రములతో నడచునదే. దాని యంత్రము వెనుకనే, తన్ను చక్రములకు పైననే ఉన్నది. బరువు తగినచోట నుండి, టైరు నేలకు తగినదైనచో, వెనుకచక్రము కూడ కొండ నెక్కును.

అమెరికా, కెనడాలలో స్థిరపడిన మన తెలుగువారు గుర్తెరుగవలసినది ఇంకొకటి కలదు. తన్నునవి వెనుకవే గదా అని వెనుక రెండు చక్రములకే శీతకాలపు టైర్లు వేయరాదు. కారును తిప్పునవి ముందుచక్రములు. ఆపునవి నాలుగు చక్రములు. నాలుగింటికి ఒకే జాతి టైర్లుండవలెను.

ఇక మన మాగాణికి వత్తము. మంచు లేకున్నను జారుడు మనకును కలదు. మన జారుడు మనము కోరి చేసికొన్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు పారి డెల్టా వరిసీమయైనది; 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినది. నల్లమట్టిలో నీరు పెట్టి, దున్ని, బురదగా కలియబెట్టుటయే దమ్ము. నీరు ఇంకిపోకుండుటకు, నాటు వేళ్లూనుటకు ఇది అవసరము. పూర్వము ఈ పని ఎడ్లు, దున్నపోతులు చేసినవి. వాటి చీలినగిట్ట దిగునప్పుడు విచ్చుకొనును, పైకి తీయునప్పుడు ముడుచుకొనును. బురదకు అంతకంటె తగిన సాధనము లేదు.

తరువాత ట్రాక్టరు వచ్చినది. అదియు ప్రధానముగ వెనుకచక్రములతో నడచునదే. దాని రబ్బరు టైరు గాళ్లలో బురద నిండగానే అది నున్నని చక్రమై జారును. కావున బండికమ్మికి అడ్డముగ ఇనుపపట్టీలు అతికి చేసిన పంజరమువంటి దమ్ముచక్రములు వచ్చినవి. వీనిని టైరు ప్రక్కన బిగింతురు, లేదా టైరు తీసి దాని స్థానమున వేయుదురు. అవి మెత్తని బురదను కోసికొని దిగి, పట్టీలతో వెనుకకు నెట్టి, బండిని ముందుకు నడుపును.

ఇచ్చట ప్రాణాపాయ మొకటి కలదు. వెనుకచక్రములు కూరుకుపోయి కదలనప్పుడు బలము హెచ్చించినచో, తిరుగలేని చక్రము చుట్టు ట్రాక్టరే తిరుగుటకు యత్నించును. ముందుభాగము లేచి, క్షణములో వెనుకకు బోర్లపడి తోలువానిని నలిపివేయును. చక్రము ముందు దుంగ అడ్డుపెట్టి, లేక చక్రమునకు కట్టి లాగించుట మరింత ప్రమాదము. వెనుకగేరులో మెల్లగా బయటికి తీయుటయో, వేరొక ట్రాక్టరుచే లాగించుటయో క్షేమము.

దమ్ముచక్రము పొలమునకు మిత్రము, రోడ్డునకు శత్రువు. తారురోడ్డుపై దాని పట్టీ ఒక్కొక్కటి ఉలివలె పడును. అందుచేతనే దానితో రోడ్డెక్కరాదని అధికారులు ఏటేట హెచ్చరించుచుందురు. మంచుదేశములకును ఈ అనుభవము తప్పలేదు. టైర్లలో ఇనుపమేకులు దిగగొట్టి నడుపగా రోడ్లు గాళ్లుపడినవి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము 1971లో వానిని నిషేధించినది. రోడ్డు అరిగి లేచిన ధూళి జనుల ఊపిరితిత్తులకు చేరుటచే జపాను 1990లో అందుకై ప్రత్యేకశాసనము చేసినది.

విజయవాడ ఆటోనగరులో టైరు మార్చువారు, పాతటైరుకు కొత్తతొడుగు వేయువారు, ఇనుము అతుకువారు ఇరుగుపొరుగున పనిచేయుచుందురు. చక్రము గొప్పతనము దాని బలములో లేదనియు, నేలతో దానికి కుదిరిన పొత్తులో కలదనియు వారి పనియే తెలుపును. పొలముగట్టు మీద చక్రము మార్చుటకు పట్టు అరగంటను రైతు వృథాగా ఎంచరాదు. దమ్ముచక్రము చెక్కివేసిన ఆ రోడ్డుమీదనే కోతలనాడు అతని ధాన్యపు బండి నడువవలసియున్నది.