షిఫ్టు మీద బతికిన రోడ్డు

మా శ్రీరాంపూర్ రోడ్డు మీద పాత దుకాణాలు ఎందుకు పోయాయని ఎవరినైనా అడగండి. మొదట సెల్‌ఫోన్‌ను తిడతారు, తర్వాత మంచిర్యాల సూపర్ మార్కెట్లను, ఆ తర్వాత మోటార్ సైకిళ్లను. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ మా బాపు సైకిల్ షాపు ఎట్లా మూతపడిందో దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి నాది ఇంకో లెక్క. 1990–91లో సింగరేణి మొత్తంలో పనిచేసేవాళ్లు దాదాపు 1.16 లక్షల మంది. ఇప్పుడు 40 వేల చిల్లర. అప్పుడు ఏడాదికి తీసిన బొగ్గు సుమారు 1.8 కోట్ల టన్నులు, 2023–24లో 7 కోట్ల టన్నులు. బొగ్గు నాలుగింతలయ్యింది, మనుషులు మూడో వంతుకు వచ్చారు. మరి చాయ్ తాగేది బొగ్గు కాదు కదా!

శ్రీరాంపూర్‌కు పాత బజారంటూ ఏదీ లేదు. కోట లేదు, సంత లేదు, చెప్పుకోవడానికి గడీ కూడా లేదు. ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టింది 1871లో. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1920 డిసెంబర్ 23న సింగరేణి పేరుతో కొత్త కంపెనీ పుట్టి, దాని ఆస్తులూ అప్పులూ తీసుకుంది. బెల్లంపల్లి, మందమర్రి పెద్దవై, రైల్వే స్టేషన్లూ సినిమా హాళ్లూ చూసిన చాలా ఏళ్లకు గానీ మా దిక్కు తవ్వకం రాలేదు. వచ్చాక మాత్రం వరసపెట్టి వచ్చింది. ఆర్కే-5, ఆర్కే-6, ఆర్కే-7, శ్రీరాంపూర్-1, శ్రీరాంపూర్-3, ఇందారం దిక్కున ఐకే-1ఏ. కంపెనీ నస్పూర్‌లో క్వార్టర్లు కట్టింది. క్వార్టర్లకూ బొగ్గు బాయిలకూ మధ్య మనుషులు రోజూ నడిచే దారి పక్కన రేకుల షెడ్లు వేసుకున్నవాళ్లే మా రోడ్డు పూర్వీకులు. మా బాపు వాళ్లలో ఒకడు. కరీంనగర్ జిల్లా నుంచి బాయి పనికనే వచ్చాడు. పని దొరకలేదు, పంపూ పానాలూ పట్టుకున్నాడు.

బాయి సైకిల్‌ను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. హ్యాండిల్‌కు అన్నం డబ్బా సంచి, డైనమో తప్పనిసరి, వెనక క్యారేజీ మీద పాత ట్యూబు ముక్కతో కట్టిన బొగ్గు పెళ్లలు. అప్పటికింకా క్వార్టర్లన్నీ బొగ్గు పొయ్యిలే, సాయంత్రమైతే కాలనీ మీద పొగ తెర కట్టేది. ఓవరాయిలింగ్‌కు వచ్చిన సైకిల్ వెనక హబ్బు విప్పితే లోపల గ్రీజు కనిపించేది కాదు. బొగ్గు పొడి, నూనె, వాన నీళ్లు కలిసి గట్టిపడిన నల్లటి ముద్ద ఉండేది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకి, బాల్స్‌ను కిరసనాయిలు పోసిన సత్తు గిన్నెలో కడిగి, అరిగినవి ఏరి పక్కన పెట్టేవాణ్ని. కొత్త గ్రీజు పెట్టాక కోన్లు బిగించే పని మాత్రం బాపు నాకు ఇచ్చేవాడు కాదు. చక్రం పైకెత్తి వదిలితే వాల్ ట్యూబు బరువుకు అది తనంతట తానే తిరిగి కిందికి వచ్చి ఆగాలి. అట్లా ఆగకపోతే బిగువెక్కువైందని మళ్లీ విప్పేవాడు. ఊళ్లల్లో సైకిల్‌కు ఏడాదికోసారి చేసే పని, బాయి సైకిల్‌కు రెండు మూడు నెలలకే వచ్చేది. మా ఇంట్లో అన్నం ఉడికింది ఆ దుమ్ము పుణ్యానే.

ఆ దుకాణానికి వేళలు పెట్టింది మేం కాదు. ఫస్టు షిఫ్టు మనిషి పోయేటప్పుడు సైకిల్ అప్పజెప్పి పోతాడు, తిరిగొచ్చే సరికి తయారుగా ఉండాలి. లేకుంటే ఆయన నడిచి పోవాలి, మేం మాటలు పడాలి. తెల్లారగట్ట పంక్చర్ అయితే ఇంకా కష్టం. ఆలస్యమైతే మస్టర్ పడదు, మస్టర్ పడకపోతే ఆ రోజు కూలి లేదు. బదిలీ ఫిల్లర్‌కైతే అది కూలితో పోయేది కూడా కాదు. బాయి లోపల ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే పర్మినెంట్ మాట. అందుకే బాపు కోడి కూయకముందే బుడ్డి దీపం పెట్టుకొని కూర్చునేవాడు. పంక్చర్ వేస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి బాపు చేతుల్ని కాదు, రోడ్డు మీద పోతున్న మిగతా సైకిళ్లను చూస్తుండేవాడు. చివరి గుంపు దాటిందంటే ఆయన ముఖం మారిపోయేది.

మా పక్కనే పాన్ డబ్బా. బాయిలోకి బీడీ గానీ అగ్గిపెట్టె గానీ తీసుకుపోవడం నేరం. కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ 1957లోనే ఆ మాట రాసి ఉంది. లోపల మీథేన్ ఉంటుంది, ఒక్క నిప్పు రవ్వ చాలు. దిగేముందు జేబులు తడిమేవాళ్లు. దొరికితే చార్జిషీటు. అందుకే బీడీలు తాగే వాళ్లంతా కట్టలూ అగ్గిపెట్టెలూ పాన్ డబ్బాలో దాచిపెట్టి పోయేవాళ్లు. డబ్బా లోపలి చెక్కకు వరసగా మేకులు. ప్రతి కట్టకూ ఒక గుర్తు. ఒకరిది ఎర్ర దారం, ఒకరిది సుద్దతో గీసిన అడ్డగీత, ఇంకొకరు అగ్గిపెట్టె మీది బొమ్మకు మీసాలు దిద్దేవారు. చదువు రాని డబ్బా కాక అన్ని గుర్తులూ మనసులో పెట్టుకునేవాడు. లోపల పొగ తాగరాదు కాబట్టి పొగాకు, సున్నం అమ్మకం కూడా అక్కడే. షిఫ్టు ఎక్కి వచ్చినవాళ్లు మొట్టమొదట చేయి చాపేది ఇంటి దిక్కు కాదు, ఆ మేకుల దిక్కు. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా, మిగతా ముఖం కడుక్కొని, మొదటి దమ్ము లాగి ఏం మాట్లాడకుండా నిలబడేవాళ్లు. ఎవరన్నా కట్ట తీసుకోవడానికి రాకపోతే కాక గమనించేవాడు. "ఫలానాయన ఇంకా ఎక్కలేదా?" అని నలుగురినీ అడిగేవాడు. ఓవర్‌టైం అయ్యుండొచ్చు, వేరే దారిన పోయుండొచ్చు. అయినా అడగకుండా ఉండేవాడు కాదు. బాయిలో పైకప్పు కూలిన కబురు మా రోడ్డుకు అట్లా కూడా చేరేది.

ఎదురుగా హోటల్. హోటలంటే రెండు బల్లలు, ఒక భట్టీ, అద్దాల పెట్టెలో ఉస్మానియా బిస్కెట్లు, గోడ మీద "నేడు నగదు, రేపు ఉద్దెర". ఆ బోర్డు కిందనే ఉద్దెర పుస్తకం వేలాడేది. బల్ల మీద కూర్చున్న వాళ్ల జెండాలు వేరువేరు. ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్, సీఐటీయూ. చాయ్ మాత్రం సగం సగం పంచుకునేవాళ్లు. గేట్ మీటింగ్‌లో తిట్టుకున్న తిట్లకు ఇక్కడ నవ్వుకునేవాళ్లు. తొంభైల్లో కొన్నాళ్లు ఆ నవ్వులు తగ్గాయి. 1992లో పీపుల్స్‌వార్‌తో పాటు సింగరేణి కార్మిక సమాఖ్య మీద కూడా నిషేధం వచ్చాక, కొత్త ముఖం లోపలికి వస్తే మాట సినిమాల మీదికి మళ్లేది. 1998లో గుర్తింపు సంఘం ఎన్నికలు మొట్టమొదట జరిగినప్పుడు మళ్లీ బల్లలు నిండాయి. 2011లో సకల జనుల సమ్మెలో బాయిలు 35 రోజులు ఆగితే ఆ హోటల్ మాత్రం ఆగలేదు. జీతం లేని జనానికి చాయ్ పోసి పుస్తకంలో రాసుకుంది. ఎంత వసూలయ్యిందో హోటలాయన ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. 'దసరా' సినిమా 2023లో వచ్చాక బయటివాళ్లకు బొగ్గు బాయి అనగానే బారు గుర్తొస్తోంది. నాకు కోపం వస్తుంది గానీ కాదనలేను. జీతాలు బాయి దగ్గర కౌంటర్లో నోట్లుగా ఇచ్చే కాలంలో, ఆ రోజు మా రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఒక పక్క బట్టల మూటలవాళ్లు, ఒక పక్క గిరిగిరి వడ్డీలవాళ్లు, చివర సారా కొట్టు. కౌంటర్ నుంచి ఇంటికి చేరేలోపు జీతం మూడు చోట్ల చిల్లు పడేది. కాలనీ ఆడవాళ్లు ఆ రోజు పిల్లల్ని చంకనేసుకొని గేటు దగ్గరికే వచ్చి నిలబడేవాళ్లు. మిగతా నెలంతా ఆ రోడ్డు మీద ఆగని వాళ్లు ఆ ఒక్క రోజు ఆగేవాళ్లు. 1993 అక్టోబర్ 1న సారా ఆగింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆగింది, 1997లో మళ్లీ గేట్లు తెరిచారు. కొట్టు బోర్డు మారి వైన్స్ అయ్యింది. పాత రోడ్డు పోయిందని మగవాళ్లం నలుగురం కూడి నిట్టూరుస్తుంటే మా అవ్వ ఓసారి అందుకుంది: "మీకు పోయింది గనీ మాకేం పోయిందిరా? మేమెన్నడు ఆ బల్ల మీద కూసున్నం?"

ఆమె మాటకు వెనక చట్టం కూడా ఉంది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లు భూగర్భ గనిలో పని చేయకూడదని ఉండేది. పైన కూడా పొద్దున ఆరు నుంచి రాత్రి ఏడు దాకే చేయనిచ్చేవాళ్లు. బాయి మగవాళ్లది అయ్యాక బాయి మీద బతికే రోడ్డు ఇంకెవరిదవుతుంది? సెలూన్, పాన్ డబ్బా, సైకిల్ షాపు, హోటల్, సారా కొట్టు. ఒక్కటి కూడా ఆడమనిషి వచ్చి నిలబడే చోటు కాదు. వాళ్లకు మిగిలింది కంపెనీ సూపర్ బజార్, కూరగాయల అంగడి, నల్లా.

మరి ఆ రోడ్డు ఎప్పుడు పోయింది? ఒక్కరోజులో పోలేదు. మొదట బాయి లోపల తట్టా చెమ్మస్ పోయాయి. ఫిల్లర్లు టబ్బులు నింపే చోట ఎస్‌డీఎల్ మిషన్లు వచ్చాయి. తొంభైల్లో కంపెనీ నష్టాల్లో పడి ఖాయిలా కంపెనీలను చూసే బీఐఎఫ్‌ఆర్ గడప రెండుసార్లు తొక్కింది. ఆ దెబ్బ నుంచి లేచే క్రమంలోనే స్వచ్ఛంద విరమణలు వచ్చాయి. కొత్త భర్తీలు దాదాపు ఆగిపోయాయి. పైసలు తీసుకొని ఊరికి పోయినవాళ్లు సైకిళ్లు కూడా తీసుకుపోయారు. 1975లో గోదావరిఖనిలో మొదలైన ఓపెన్‌కాస్ట్ పద్ధతి మా దాకా వచ్చింది. ఇప్పుడు సింగరేణి బొగ్గులో ఐదింట నాలుగు వంతుల పైనే ఓపెన్‌కాస్టుల్లోంచి వస్తోంది. భూగర్భ బాయి షిఫ్టుకు వందల మందిని మింగి వందల మందిని కక్కేది. వాళ్లంతా ఒకే వేళకు ఒకే రోడ్డు మీద పడేవాళ్లు. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్లు తిరుగుతాయి. మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోయింది. జీతాలు బ్యాంకులో పడటం మొదలయ్యాక గేటు దగ్గర ఆడవాళ్లు నిలబడే అవసరమూ లేదు, బట్టల మూటలూ లేవు. ఇది మంచికే జరిగింది. కానీ జీతాల రోజున బాకీలు వసూలు చేసుకొని నెలంతా ఉద్దెర ఇచ్చే దుకాణం మాత్రం అక్కడే కూలింది.

ఇప్పటి కార్మికుడికి డబ్బు లేక కాదు. 2022–23 లాభాల్లో కార్మికులకు 32 శాతం వాటా ఇచ్చారు. ఆ పైసలతో మంచిర్యాలలో ప్లాటు కొంటాడు, బంగారం కొంటాడు, బండి మారుస్తాడు. పది కిలోమీటర్లు ఆయనకు దూరమే కాదు. పంక్చరైతే ట్యూబ్‌లెస్ టైరు ఇంటి దాకా లాక్కొస్తుంది. బాపు చివరి రోజుల్లో షాపు ముందు పిల్లల సైకిళ్లే ఉండేవి, అవి కూడా బడి సెలవులకే. 2020 జూన్ 3న అట్లాస్ సైకిళ్ల కంపెనీ ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో తన ఫ్యాక్టరీ మూసేసిందని పేపర్లో చదివాను. ప్రపంచ సైకిల్ దినం కూడా అదే రోజట. బాపు బతికుంటే దానికి ఒక బూతు తగిలించి నవ్వేవాడు.

రోడ్డు ఖాళీగా ఉందనుకోకండి. మట్టి పని కంపెనీల్లో బీహార్, జార్ఖండ్ డ్రైవర్లున్నారు. వాళ్ల కోసం రొట్టెల ఢాబాలు వచ్చాయి, ఆవనూనె వాసన మా దిక్కు ఇదివరకు ఎరగనిది. హోటలున్న చోట మొబైల్ షాపు. మా షెడ్డు కిరాయికి ఇచ్చాను, కుర్రాడొకడు బ్యాటరీ బండ్లు బాగుచేస్తాడు. భాష రాకపోయినా డ్రైవర్లు ఆ ఢాబా నవారు మంచాల మీద పాత ఫిల్లర్ల లాగానే కూలి లెక్కలూ ఇంటి లెక్కలూ చూసుకుంటారు. ఎవరి బేటా ఎంత, ఎవరికి రేపు డ్యూటీ లేదు. మావాళ్లు కొందరు వాళ్లను చూసి ముఖం చిట్లిస్తారు. మా బాపు తరం శ్రీరాంపూర్‌కు కొత్తగా దిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ఇట్లాగే చిట్లించి ఉంటారు.

పాన్ డబ్బా ఒక్కటి నిలబడింది. భూగర్భ బాయి ఉన్నన్ని రోజులు నిప్పు మీద నిషేధం ఉంటుంది. ఇప్పుడు దానికి సెల్‌ఫోన్ తోడైంది, అదీ లోపలికి పోరాదు. కాక పోయాక కోడలు నడుపుతోంది. మేకులున్న చెక్క తీసేసి అరలు కొట్టించింది, ప్లగ్గుల బోర్డు పెట్టించింది, షిఫ్టయ్యేలోగా ఫోన్ చార్జింగ్ పెట్టి ఇస్తుంది. 2019లో కేంద్రం ఆడవాళ్లు కూడా భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులు పగటిపూట చేయొచ్చని అనుమతి ఇచ్చింది. కంపెనీలో తండ్రి ఉద్యోగం బిడ్డకు రావడమూ జరుగుతోంది. మొన్న ఒక పిల్ల స్కూటీ ఆపి ఫోన్ ఇచ్చి, చిల్లర సాయంత్రం ఇస్తానంది. కోడలు పుస్తకం తీసి రాసుకుంది.