మన చదువుల చరిత్ర – 17: నల్లబిడ్డల జేవియర్



పోయిన భాగంలో సిద్ధార్థ కాలేజీ గురించి చెప్పుకున్నాం. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, మరుసటి ఏడాదే బొంబాయిలో కాలేజీ ఎందుకు తెరిచాడో చూశాం. "అణగారినవాళ్ల కోసమే పెట్టిన విశ్వవిద్యాలయం వేరే దేశంలో ఎక్కడైనా ఉందా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఉంది. అమెరికాలో లూసియానా రాష్ట్రం, న్యూ ఆర్లీన్స్ నగరంలో ఉంది. పేరు జేవియర్ యూనివర్సిటీ. చిన్నది, ప్రైవేటుది, కథోలికులది. అమెరికాలో చారిత్రకంగా నల్లజాతి వాళ్లవైన యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, కథోలిక యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఈ రెండూ ఒకటే అయిన యూనివర్సిటీ ఇదొక్కటే.

1915లో అంబేద్కర్ న్యూయార్క్‌లో కొలంబియాలో చదువుతున్నాడు. ఆ ఏడే దేశం దక్షిణాన కేథరిన్ డ్రెక్సెల్ అనే సన్యాసిని న్యూ ఆర్లీన్స్‌లో నల్లపిల్లలకు హైస్కూలు తెరిచింది. ఆమె ఫిలడెల్ఫియా బ్యాంకరు కూతురు. కోట్ల డాలర్ల ఆస్తి మీద ఆదాయం ఆమెది. దాన్ని పట్టుకుని 1891లో సొంతంగా సన్యాసినుల సభ పెట్టి, నల్లజాతి వాళ్లకూ అమెరికా ఆదివాసులకూ బడులు కట్టడం మొదలుపెట్టింది. జీవితకాలంలో ఆమె ఖర్చు పెట్టింది సుమారు 2 కోట్ల డాలర్లు అంటారు.

ఆ స్కూలుకు భవనం ఎలా దొరికిందో వినండి. అంతకుముందు అక్కడ నల్లవాళ్ల సదరన్ యూనివర్సిటీ ఉండేది. చుట్టూ తెల్లవాళ్ల ఇళ్లు పెరిగాయి, నల్ల విద్యార్థులు కళ్లలో పడ్డారు. యూనివర్సిటీని బేటన్ రూజ్ దగ్గరికి తరలించారు. ఖాళీ అయిన ఆ భవనాన్ని డ్రెక్సెల్ తన పేరు బయటికి రాకుండా వేరే మనిషి చేత కొనిపించింది. కొనేది నల్లపిల్లల కోసమని తెలిస్తే అమ్మరు మరి! పట్నంలో అద్దె ఇంటికి పోయి ఇంటిపేరు, కూర తినే సంగతి, చివరికి "మీరేమిట్లు?" అనే ప్రశ్న దాకా దాటినవాళ్లకు ఈ తెలివి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

1917లో టీచర్ ట్రైనింగ్, 1925లో కాలేజీ, 1927లో ఫార్మసీ కాలేజీ. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే చదివారు. అప్పటి కథోలిక చదువుల్లో అది అరుదు. ఇంకొకటి. ఇక్కడ చదివే పిల్లల్లో ఎక్కువమంది కథోలికులు కారు. మతం మారితేనే సీటు అనే షరతు లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. డ్రెక్సెల్‌ను 2000లో పోప్ పునీతురాలిగా ప్రకటించాడు. ఆమె చేసింది పెద్ద పనే. కానీ ఆమె సభలోకి దశాబ్దాల పాటు నల్లజాతి స్త్రీలను సన్యాసినులుగా చేర్చుకోలేదు. నల్లవాళ్లకు చదువు చెప్పే సభ అది, అందులో నల్లమ్మాయికి మాత్రం చోటు లేదు! అప్పటికే ఉన్న నల్లజాతి సన్యాసినుల సభలకు మనుషులు తగ్గిపోకూడదని అలా చేశారని ఒక సమర్థన ఉంది. ఆ సభలు ఉన్న మాట నిజమే. న్యూ ఆర్లీన్స్‌లోనే హెన్రియెట్ డెలీల్ 1842లో పెట్టిన హోలీ ఫ్యామిలీ సభ ఉంది. అయినా ఆ సమర్థన నాకు సరిపోదు. సేవ చేయడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు. మన చర్చిల్లో ఉన్నవాళ్లకు ఇది బాగా తెలుసు. తెలుగు నేల మీద కథోలికుల్లో ఎక్కువమంది దళితులే. అయినా దేశంలో మొదటి దళిత ఆర్చిబిషప్‌గా మారంపూడి జోజి హైదరాబాద్‌కు వచ్చింది 2000లో, మొదటి దళిత కార్డినల్‌గా పూల ఆంథోని వచ్చింది 2022లో.

జేవియర్‌లోనూ అంతే. 1925 నుంచి 1968 దాకా పాలన తెల్ల సన్యాసినుల, మతపెద్దల చేతుల్లోనే ఉంది. చదివేది నల్లబిడ్డలు, నడిపేది తెల్లవాళ్లు. అందుకే ఈ కథలో నాకు డ్రెక్సెల్ కన్నా ముఖ్యమైన మనిషి నార్మన్ ఫ్రాన్సిస్.

ఆయన లూసియానాలోని లాఫియెట్ ఊరివాడు. తండ్రి మంగలి పని చేసేవాడు. (అక్కడ అది కులం కాదు, కానీ పేదరికం పేదరికమే.) అమ్మానాన్నలు హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. పిల్లాడు బూట్లు పాలిష్ చేశాడు. జేవియర్‌లో పని చేస్తూ చదువుకుని 1952లో డిగ్రీ తీసుకున్నాడు. అదే ఊళ్లో జెసూట్ల లయోలా లా స్కూల్లో 1955లో పట్టా పొందాడు. అక్కడ పట్టా తీసుకున్న మొదటి నల్లవాడు ఆయనే. లా చదివినవాడు డబ్బు సంపాదించే దారి వదిలి 1957లో జేవియర్‌కే తిరిగొచ్చి, మగపిల్లల డీన్‌గా చేరాడు.

ఆ రోజుల్లో పిల్లలు ఊరుకోలేదు. 1960 సెప్టెంబర్‌లో కెనాల్ స్ట్రీట్‌లోని మెక్‌క్రోరీ దుకాణంలో, తెల్లవాళ్లకే కేటాయించిన భోజనం కౌంటర్ దగ్గర నలుగురు విద్యార్థులు కూర్చున్నారు. వాళ్లలో రూడీ లాంబార్డ్ జేవియర్ విద్యార్థి. మిగతా ముగ్గురు వేరే కాలేజీలవాళ్లు, ఒకడు తెల్లవాడు. అరెస్టు చేసి శిక్ష వేశారు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1963లో 'లాంబార్డ్ వర్సెస్ లూసియానా' తీర్పులో ఆ శిక్షలు కొట్టేశారు. లా చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ తీర్పు వెతికి చదవండి. నగర పాలకుల మాటలు కూడా ప్రభుత్వ వివక్ష కిందికే వస్తాయని అందులో ఎలా తేల్చారో చూడండి.

1961 మే 14న అలబామాలో ఫ్రీడమ్ రైడర్స్ ఎక్కిన బస్సును తగలబెట్టారు. బర్మింగ్‌హామ్‌లో గుంపులు వాళ్లను కొట్టాయి. దెబ్బలు తిన్నవాళ్లు విమానంలో న్యూ ఆర్లీన్స్ చేరితే నగరంలో గది ఇచ్చే హోటల్ లేదు. ఫ్రాన్సిస్ ప్రెసిడెంటుగా ఉన్న సన్యాసిని దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆమె ఒప్పుకుంది. సెయింట్ మైకేల్స్ హాస్టల్లో పెట్టి, తిండి పెట్టి కాపాడారు. బాంబు వేస్తారేమో, దాతలు పోతారేమో, ప్రభుత్వం పగబడుతుందేమో అన్న భయం లేకుండా ఉంటుందా? న్యూ ఆర్లీన్స్‌లో ఆర్చిబిషప్ రమ్మెల్ కథోలిక బడుల్లో వేర్పాటు తీసేయమన్నందుకు తెల్ల కథోలికులే ఆయన మీద తిరగబడ్డారు. 1962లో ముగ్గురిని సంఘం నుంచి వెలివేయాల్సి వచ్చింది. వాతావరణం అలాంటిది.

ఒక విద్యాసంస్థ పిల్లల మాట వింటుందా లేదా అన్నది సలహాల పెట్టెతో తెలియదు. పిల్లలు కష్టంలో ఉన్న రాత్రి హాస్టల్ తలుపు తెరిచిందా, మూసిందా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. మన హైదరాబాద్‌లో తలుపు మూశారు. సస్పెండై హాస్టల్ బయట పడ్డ రోహిత్ వేముల 2015 డిసెంబర్‌లో వైస్ ఛాన్సలర్‌కు ఉత్తరం రాశాడు. దాన్ని చదివి పిలిచి మాట్లాడి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

1968 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన రోజునే, ఫ్రాన్సిస్ ప్రెసిడెంటు పదవికి ఒప్పుకున్నాడు. మొదటి నల్లవాడు, మతపెద్ద కాని మొదటివాడు. 2015 దాకా 47 ఏళ్లు నడిపాడు. చేతికొచ్చింది ఖాళీ గల్లా. 1955లో డ్రెక్సెల్ చనిపోగానే తండ్రి వీలునామా ప్రకారం ఆస్తి ఆయన ముందే పేర్లు రాసిన వేరే ధర్మ సంస్థలకు పోయింది. ఆ వీలునామా రాసేనాటికి ఈ సభ పుట్టనే లేదు కాబట్టి దీనికి పైసా రాలేదు. మనసున్న ఒక్క ధనవంతురాలి మీద నిలబడ్డ బడి ఆమె తర్వాత ఎట్లా బతకాలి? విదేశీ మిషన్ల డబ్బు ఆగిపోయాక మన పాత మిషన్ హాస్టళ్లు ఏమయ్యాయో చూసినవాళ్లకు ఈ ప్రశ్న బరువు తెలుసు.

ఇక అసలు పాఠం క్లాసురూములో ఉంది. 1970లలో అక్కడి కెమిస్ట్రీ అధ్యాపకుడు కార్మైకేల్, తోటి టీచర్లు ఒక లెక్క గమనించారు. డాక్టర్ కావాలని వచ్చిన పిల్లలు మొదటి ఏడు కెమిస్ట్రీలోనే రాలిపోతున్నారు. మన దగ్గరైతే "మెరిట్ లేదు" అని చేతులు దులుపుకుంటారు. వాళ్లు పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూశారు. తెలివి దగ్గర కాదు. పాఠ్యపుస్తకం భాష దగ్గర, లెక్క విడగొట్టి ఆలోచించే అలవాటు దగ్గర. అందుకని టీచర్లు కూర్చుని ఉమ్మడి వర్క్‌బుక్కులు రాశారు. ఏ సెక్షన్‌లో ఉన్నా ఒకే పాఠం, ఒకే వేగం. తరచూ చిన్న పరీక్షలు. పదాల సాధన. గుంపులుగా చదవడం, పై క్లాసు పిల్లలు కింది క్లాసు పిల్లలకు చెప్పడం. హైస్కూల్లో ఉండగానే వేసవి శిబిరాలు. వాటిలో మొదటిది 'సోర్', 1977లో మొదలైంది. మెడికల్ కాలేజీకి అప్లికేషన్ ఎలా రాయాలో, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో కూడా పక్కనుండి నేర్పించారు. సిలబస్ తగ్గించలేదు, మార్కులు దానం చేయలేదు.

1990ల నాటికి దేశంలో మెడికల్ కాలేజీల్లోకి అందరికంటే ఎక్కువమంది నల్ల విద్యార్థులను పంపే సంస్థ ఇదే అయింది. హార్వర్డ్ కాదు, వందల కోట్ల నిధులున్న పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలు కావు. సుమారు మూడు వేల మంది పిల్లలున్న ఈ చిన్న కాలేజీ. ఐఐటీల్లో, మెడికల్ కాలేజీల్లో మన పిల్లలు బ్యాక్‌లాగులతో సగంలో ఆగిపోతుంటే "రిజర్వేషన్ సీటు" అని నవ్వేవాళ్ల ముందు ఈ లెక్క పెట్టండి. ఫెయిలయ్యింది పిల్లలా, పాఠం చెప్పే పద్ధతా అని అడగండి. సంక్షేమ హాస్టళ్లలో ట్యూటర్లుగా ఉన్న అన్నలు, అక్కలు ఆ వర్క్‌బుక్ పద్ధతిని రేపే మొదలుపెట్టవచ్చు. దానికి జీవో అవసరం లేదు.

2005 ఆగస్టు 29న కత్రినా తుపానుకు క్యాంపస్ మొత్తం నీట మునిగింది. ఊరు దాటలేని కొన్ని వందల మంది పిల్లలు హాస్టళ్లలో చిక్కుకుని, రోజుల తర్వాత బయటపడ్డారు. చాలామంది సిబ్బందిని తీసేశారు. ఆ నొప్పిని దాచి విజయగాథగా చెప్పడం సరికాదు. కానీ 2006 జనవరిలో తరగతులు మొదలైనప్పుడు పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది తిరిగొచ్చారు. ఇళ్లు కొట్టుకుపోయినవాళ్లు, ఊరే లేనివాళ్లు తిరిగొచ్చారు.

క్యాంపస్ పక్కన పోయే పెద్ద రోడ్డుకు చాలా కాలం జెఫర్సన్ డేవిస్ పేరుండేది. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాల ప్రెసిడెంటు అతడు. నల్లపిల్లలు రోజూ ఆ బోర్డు చూసుకుంటూ కాలేజీకి పోయేవాళ్లు. 2021 జనవరి 1 నుంచి ఆ రోడ్డు పేరు నార్మన్ ఫ్రాన్సిస్ పార్క్‌వే.

వచ్చే భాగంలో ఔరంగాబాద్ మిళింద్ కాలేజీ. అక్కడ చదివిన పెద్దలు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్ల జ్ఞాపకాలు రాసి పంపండి.