టోబీ తప్పు ఎంత?

మా అబ్బాయి సైన్సు రికార్డును మా పప్పీ నమిలేసిన రోజు కోపం పట్టలేక దాన్ని చీపురుతో గట్టిగా కొట్టాను. రెండు రోజులు నా దగ్గరికే రాలేదు. మంచం కింద నుంచి నన్నే చూస్తూ పడుకుంది.

ఆ తర్వాతే అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ సంగతి చదివాను. 1936లో ఆయన ఒక నవల రాస్తున్నారు. ఒక రాత్రి ఒంటరిగా వదిలేసిన కుక్కపిల్ల టోబీ ఆ రాతప్రతిలో దాదాపు సగం ముక్కలు చేసేసింది. ఇంకో ప్రతి లేదు. రెండు నెలల పని మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. ఆయనకీ కోపం వచ్చిందట. అయినా ఈగలు కొట్టే కర్రతో మామూలుగా నాలుగు తగిలించి ఊరుకున్నారు. బాగుందో లేదో తెలియని రాత కోసం మంచి కుక్కను పాడుచేసుకోలేనని మే 27న ఉత్తరం రాశారు. ఆ నవలే 1937లో వచ్చిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్'.

టోబీని ఒంటరిగా వదిలింది ఎవరు? మరి మా పప్పీకి చిన్నప్పుడు పాత చెప్పులిచ్చి ఆడుకోమన్నది ఎవరు? మేమే. కొరుకుతుంటే ముద్దుగా ఉందని నవ్విందీ మేమే. ఏది కొరకొచ్చో, ఏది కొరకకూడదో దానికి ఏనాడూ నేర్పలేదు.

అబ్బాయి రికార్డు మళ్ళీ రాసుకున్నాడు. బొమ్మలు నేను వేసిచ్చాను. ఇప్పుడు పుస్తకాలన్నీ బీరువాలోనే. కానీ నేను చీపురు పట్టుకుంటే చాలు, పప్పీ ఇంకా మంచం కిందికే పోతుంది.