వన్యప్రాణుల ధ్వనిముద్రణలో రొద

ఆరుబయట పక్షులు, కప్పలు, కీటకాలు, క్షీరదాల అరుపులను ముద్రించేటప్పుడు వాటితోపాటు చేరే అవాంఛిత శబ్దాన్ని రొద అంటారు. గాలి హోరు, వాగు శబ్దం, వాహనాల మోత వంటివి పరిసరాలనుండి వస్తాయి. చేతి కదలిక, తీగ రాపిడి, మైక్రోఫోనులోని సన్నని బుస వంటివి పరికరాలనుండి పుడతాయి. ఇవి వినడానికి ఒక్కోసారి ఒకేలా ఉన్నా వీటి నివారణోపాయాలు వేరు. కనుక రొద ఎక్కడ పుడుతున్నదో తేల్చుకోవడమే ఈ పనిలో ప్రధాన భాగం. ముద్రణలో ఒకసారి కలిసిపోయిన రొదను తరువాత కంప్యూటరులో పూర్తిగా వేరుచేయడం చాలా సందర్భాలలో సాధ్యం కాదు.

చరిత్ర

తెలిసినంతలో మొట్టమొదటి పక్షిపాట ముద్రణ 1889లో జర్మనీలో జరిగింది. లుడ్విగ్ కోచ్ తన బాల్యంలో ఎడిసన్ మైనపు స్థూపంపై దీనిని ముద్రించాడు. పాడినది శ్యామా పిట్ట. భారతదేశపు అడవులలో కూడా నివసించే పక్షి ఇది. పెంపుడు పక్షి గనుక గాలి, దూరం అనే చిక్కులు అప్పుడు ఎదురుకాలేదు. స్వేచ్ఛగా తిరిగే పక్షుల విషయంలో అవి ముందుకు వచ్చాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ అలెన్, పీటర్ పాల్ కెల్లాగ్ 1929లో ఇటువంటి ముద్రణలు ప్రారంభించి, కొద్ది సంవత్సరాలకే పరావలయ పరావర్తకాన్ని వాడుకలోకి తెచ్చారు. 1935లో లూసియానా అడవిలో కార్నెల్ బృందం ఐవరీ బిల్డ్ వడ్రంగిపిట్ట కూతను ముద్రించింది. ఆ పక్షి తరువాత దాదాపు అదృశ్యమైపోయింది. అరుదైన జీవుల విషయంలో ఒక్క ముద్రణకు ఎంత విలువ ఉంటుందో దీనినిబట్టి ఊహించవచ్చు.

కారణాన్ని గుర్తించడం

హెడ్‌ఫోన్లు లేకుండా ముద్రించడం కళ్ళకు గంతలు కట్టుకొని ఫొటో తీయడం వంటిది. హెడ్‌ఫోన్లతో వింటూ మైక్రోఫోనును నెమ్మదిగా అన్ని దిక్కులకూ తిప్పాలి. దిక్కును బట్టి రొద మారితే అది బయటిది. మారకుండా ఒకే తీరున ఉంటే పరికరాన్ని అనుమానించాలి. అదే గెయిన్‌తో నిశ్శబ్దంగా ఉన్న మూసిన గదిలో కొంతసేపు ముద్రించి చూస్తే సందేహం తీరుతుంది. బుస అక్కడ కూడా వినిపిస్తే అది మైక్రోఫోనుది లేదా రికార్డరుది. తీగను కదిపినప్పుడు చిటపటమంటే కనెక్టరు వదులైందని అర్థం. మన దేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ గనుక కరెంటు తీగల దగ్గర 50, 100, 150 హెర్ట్జ్‌ల వద్ద సన్నని ఝంకారం వినబడుతుంది. జేబులోని మొబైల్ ఫోను వల్ల కూడా లయబద్ధమైన గరగర చేరవచ్చు.

స్పెక్ట్రోగ్రామ్ చూస్తే పని తేలికవుతుంది. గాలి హోరు చిత్రం అడుగున మసకలా పరుచుకుంటుంది. కరెంటు ఝంకారం సన్నని అడ్డగీతగా, కీచురాళ్ళ రొద పైభాగంలో మందమైన పట్టీగా కనిపిస్తాయి. వాగు మాత్రం చిత్రమంతటా వ్యాపిస్తుంది. అందుకే వాగు హోరును ఫిల్టరుతో తొలగించడం దుస్సాధ్యం.

గాలి

అన్నిటికంటె ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గాలి. మైక్రోఫోనుకు తగిలిన గాలి సుడులు తిరిగి దాని పలుచని పొరపై నేరుగా ఒత్తిడి కలిగిస్తుంది. ముద్రణలో వినిపించే దడదడకు మూలం ఇదే. పిల్లగాలికి స్పాంజి తొడుగు చాలు. అంతకు మించితే మైక్రోఫోను చుట్టూ కొంత ఖాళీ ఉండే జాలీ గూడు, దానిపై బొచ్చు తొడుగు అవసరం. చెట్ల ఆకుల గలగల మాత్రం నిజమైన శబ్దం. దానిని ఏ తొడుగూ ఆపదు. చోటు మార్చుకోవాలి, లేదా గాలి తక్కువగా ఉండే తెల్లవారుజాము కోసం ఆగాలి.

రికార్డరులోని లో-కట్ ఫిల్టరు మంద్ర పౌనఃపున్యాలను తగ్గిస్తుంది. అయితే ఆ భాగంలోనే కొన్ని జీవుల గొంతు ఉంటుంది. పెద్ద గుడ్లగూబల కూత చాలా మంద్రమైనది. ఏనుగులైతే మనిషి చెవికి అందనంత తక్కువ పౌనఃపున్యంలో కూడా సంభాషించుకుంటాయి. కేటీ పేన్ 1984లో పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో దీనిని గమనించింది. ఏ జీవి గొంతు ముద్రించబోతున్నారో తెలియకుండా ఫిల్టరు పెట్టడం మంచిది కాదు.

దూరం, గెయిన్

ఆరుబయట దూరాన్ని సగానికి తగ్గిస్తే శబ్దం సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. ఖరీదైన పరికరం కంటె కొన్ని అడుగులు దగ్గరకు చేరడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది, ప్రాణికి బెదురు కలగనంతవరకు. దగ్గరకు పోలేనప్పుడు పరావర్తకం ఉపయోగపడుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం గల పళ్ళెం దాదాపు 570 హెర్ట్జ్‌కు పైన బాగా పనిచేస్తుంది. అంతకు తక్కువ పౌనఃపున్యాల తరంగదైర్ఘ్యం పళ్ళెం కంటె పెద్దది. గెయిన్ మరీ తగ్గించి తరువాత పెంచితే కూతతోపాటు బుస కూడా పెరుగుతుంది. మరీ పెంచితే కూత శిఖరాలు తెగిపోతాయి, వాటిని తిరిగి తెచ్చుకోలేము. తేమ వల్ల కండెన్సర్ మైక్రోఫోన్లు చిటపటమంటాయి గనుక వాటిని సిలికా జెల్ వేసిన డబ్బాలో ఉంచుతారు.

కలివికోడి ఉదాహరణ

అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి కనబడింది. పొదల మధ్య రాత్రిపూట తిరిగే ఈ పక్షిని చూడటం కష్టం. అందువల్ల ముద్రించిన కూతను వినిపించి, బదులు కూత కోసం వేచి ఉండే పద్ధతిని పరిశీలకులు వాడారు. ఇది ముఖ్యంగా మునిమాపువేళ కొద్దిసేపే కూస్తుంది. కీచురాళ్ళు మొదలయ్యే సమయమూ అదే. దుస్తుల రాపిడి గానీ, పాదాల చప్పుడు గానీ ఆ కొద్ది నిమిషాలను చెడగొడితే ఆ సాయంత్రానికి మరో అవకాశం ఉండకపోవచ్చు. పక్షి అక్కడ ఉన్నా లేదని నమోదయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఏది రొద?

1942 మే నెలలో ఇంగ్లండులోని సర్రే ప్రాంతపు తోటలో బీబీసీ నైటింగేల్ పాటను ప్రసారం చేయడానికి సిద్ధమైంది. జర్మనీపై దాడికి వెళుతున్న బాంబరు విమానాల మోత వినిపించడంతో, శత్రువుకు తెలిసిపోతుందని ప్రసారాన్ని ఆపివేశారు. ముద్రణ మాత్రం కొనసాగింది. పిట్టపాట, విమానాల హోరు కలిసిన ఆ ముద్రణ ఇప్పుడు చారిత్రక పత్రంగా పరిగణించబడుతున్నది. ఈ కారణంగానే సేకరణ సంస్థలు శుభ్రపరచిన ప్రతికంటె మూల ముద్రణకే ప్రాధాన్యమిస్తాయి. శుద్ధి చేయదలచినవారు వేవ్ ఫైలుకు నకలు తీసుకొని దానిపై మాత్రమే పనిచేస్తారు. వివరాలను కుదించే ఎంపీ3 రూపం పరిశీలనకు అంతగా తగదు. తేదీ, సమయం, స్థలం, వాడిన ఫిల్టరు వివరాలను ముద్రణ చివర గొంతుతో చెప్పి ఉంచే అలవాటు చాలామందిలో ఉంది.