కాలవ నీళ్ళలో జబ్బు లెక్క

2020 ఆగస్టులో హైదరాబాదు సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఒక అంచనా బయటపెట్టారు: నగరంలో సుమారు 6.6 లక్షల మందికి కోవిడ్ సోకి ఉండొచ్చని. ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టలేదు. మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నీళ్ళు తెచ్చి వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచారు. సోకినవాళ్ళ మలంలో అది 35 రోజుల దాకా కనపడొచ్చని లెక్క.

పద్ధతి పాతదే. ఇంగ్లండులో బ్రెండన్ మూర్ గాజుగుడ్డ చుట్టలు మురుగు పైపుల్లో వేలాడదీసి, ఎదురు దిశలో వెతుక్కుంటూ పారాటైఫాయిడ్ ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకున్నాడు. 1948లో దాని గురించి రాశాడు. మా భాషలో చెప్పాలంటే లాగ్ చూస్తూ బగ్ పట్టుకోవడం. ముంబైలో 2001 నుంచి పోలియో కోసం మురుగు పరీక్షిస్తున్నారు.

దీనికి ఒక షరతుంది. మురుగు పైపులో పడాలి, ఆ పైపు ఒకచోటికి చేరాలి. హైదరాబాదులోనే అప్పటికి వాడిన నీళ్ళలో 40 శాతమే శుద్ధి కేంద్రాలకు వెళ్ళేది.

మరి బెజవాడలో? ఏలూరు, బందరు, రైవస్ కాలవలు ఊరి మధ్యలోంచే పోతాయి. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి సాగునీరు తెచ్చిన కాలవలే దిగువ ఊళ్ళ మంచినీళ్ళ చెరువుల్నీ నింపుతాయి. నగరం మురుగూ వాటిల్లోనే కలుస్తోంది. హైదరాబాదు పైపులో జబ్బు జాడ మాత్రమే దొరుకుతుంది, ఇక్కడ జబ్బే కాలవెంట పక్క ఊరికి పోగలదు.

అందుకే శాంపిల్ శుద్ధి కేంద్రం దగ్గర తీస్తే సరిపోదనుకుంటాను. నగరం దాటాక కాలవలోనూ, చెరువు తూము దగ్గరా తియ్యాలి. అక్కడ రోగుల సంఖ్య తేలదు, కాలవకి నీళ్ళొదిలితే పలచబడుతుంది, కట్టేస్తే చిక్కబడుతుంది. కానీ కలరా క్రిమి ఉందని తెలిస్తే చాలు, ఆ పూటకి తూము మూసేయొచ్చు.