కాటుక రేకుల పొడ

నూజివీడు మామిడితోటల్లో రక్తపింజర పేరెత్తితే చాలు, అడుగు ఆచితూచి పడుతుంది. లోకం దీనిని రస్సెల్ వైపర్ అంటుంది. ఆ రస్సెల్ 1780లలో మన విశాఖపట్నంలో నివసించిన స్కాట్లండు వైద్యుడు, పాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ ఆయనను వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించింది.

ఏది విషసర్పమో, ఏది కాదో సామాన్యుడు సైతం గుర్తుపట్టగలగాలన్నది ఆయన తపన. పాములను తెప్పించుకుని, కోళ్ళపై, కుక్కలపై కాటు ప్రభావాన్ని పరీక్షించాడు. 1796లో వెలువడిన ఆయన గ్రంథం కోరమాండల్ తీరపు పాములను చిత్రాలతో, స్థానిక నామాలతో పరిచయం చేసింది. అందులో రక్తపింజర పేరు ‘కాటుక రేకుల పొడ’. ఎంత చక్కని తెలుగు! ఒంటిమీది నల్లంచు మచ్చలలో కాటుక దిద్దిన రేకులను చూసిన ఆ కన్ను ఎవరిదో గాని, పాముకు మాత్రం దొర పేరే నిలిచింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దరిమిలా ఇలా పాములను ఇంట ఉంచుకోవడం నేరం. అయినా పాములు పట్టే విద్య అంతరించలేదు. చెన్నై సమీపాన ఇరుళ గిరిజనుల సహకార సంఘం 1978లో ఏర్పడింది. ప్రభుత్వ అనుమతితో వారు పాములను కొన్ని వారాలు కుండల్లో ఉంచి, విషం తీసి, తిరిగి అడవిలో విడిచిపెడతారు. విరుగుడు మందుకు మూలం అటువంటి విషమే.

రస్సెల్ కాలంలో ఆ మందు లేదు. నేడుంది. కాటుపడ్డ తోటకూలీని మంత్రగాని వద్దకు గాక, వెంటనే ఆసుపత్రికి చేర్చడమే ఇక మన వంతు.